మా బావ శుభలేఖ చదవడు

మా బావ శుభలేఖ చదవడు, చూస్తాడు. కవరు మీది పసుపు చెరగకుండా రెండు వేళ్లతో కార్డు బయటికి తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి పెదవి విరుస్తాడు. తర్వాత దగ్గరికి తెచ్చుకుని పెళ్లికూతురి పేరులో అక్షరాల మధ్య సందుని గోటితో కొలుస్తాడు. "ఈ సందులోంచి ఊరేగింపు పోవచ్చురా" అంటాడు. మొన్నామధ్య మా మేనత్త మనవరాలి పెళ్లికి అందరం ఒకే కార్లో బయల్దేరాం. దారి పొడుగునా ఆ శుభలేఖకి పోస్టుమార్టం చేసిన మనిషి, తీరా హాలు దగ్గర దిగాక నన్ను పక్కకి లాగి, "ఇంతకీ పెళ్లెవరిదిరా?" అన్నాడు.

ఇలాంటివాడు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. మీవాణ్ని హోమియోపతో, షేర్ మార్కెట్టో, మిద్దెతోటో పట్టుకుని ఉంటుంది. మావాణ్ని గ్రాఫిక్ డిజైన్ పట్టుకుంది. నడివయసులో పట్టుకున్న విద్య ఒక పట్టాన వదలదు.

బావ ఇరవై ఏళ్లకి పైగా డేటాబేసులు కాసుకుంటూ బతికాడు. 2023లో కంపెనీలు వేలమందిని ఇళ్లకి పంపుతున్న రోజుల్లో, ఒక ఉదయం ఆయన ఆఫీసు లాప్‌టాప్ తెరుచుకోలేదు. ఇంకొకరైతే ఆ సాయంత్రానికే రెజ్యూమె దులిపేవాళ్లు. బావ మాత్రం కంపెనీ ఇచ్చిన సొమ్ము బ్యాంకులో పడేదాకా ఆగి, ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి గ్రాఫిక్ డిజైన్‌లో చేరి వచ్చాడు. మా అక్కకి ఆ సంగతి రసీదు చూశాకే తెలిసింది.

ఈ కమ్యూనిటీ కాలేజీ అనేది అమెరికాలో చాలా మంచి ఏర్పాటు. ఇలాంటి ప్రభుత్వ కాలేజీల్లో మొదటిది 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో పెట్టారు. ఇప్పుడు దేశమంతటా వెయ్యికి పైగా ఉన్నాయి. నర్సింగు, వెల్డింగు, వంట, డిజైను, ఏదైనా నేర్చుకోవచ్చు. వయసు అడగరు. కాలిఫోర్నియాలో స్థిరపడ్డవాళ్లకి ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల క్లాసు 138కి వచ్చేస్తుంది. రెండేళ్లు చదివితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. కావాలంటే అక్కణ్నుంచి యూనివర్సిటీకి మారి బ్యాచిలర్స్ పూర్తి చేసుకోవచ్చు.

ఇదంతా ఫోన్లో ఓపిగ్గా చెప్పుకొస్తే, తెనాలిలో మా పెదనాన్న 'రెండేళ్లు' అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాడు. "అల్లుడు మళ్లీ ఇంటర్లో చేరాడన్నమాట. ఎంపీసీయా, బైపీసీయా?" అన్నాడు. ఆ వార్త బంధుకోటి అంతటా అలాగే స్థిరపడిపోయింది.

డిజైన్ అంటే కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు అటూ ఇటూ జరపడమేకదా అనుకున్నాం. మొదటి సెమిస్టర్లో కంప్యూటరు ఊసే లేదు. పెన్సిల్, పోస్టర్ కలర్లు, ఉక్కు స్కేలు, పదునైన కత్తి, కోసుకోడానికి ఆకుపచ్చ రబ్బరు పరుపు. ఇంగ్లీషు చిన్న 'ఎ' అక్షరం ఒక్కదాన్ని ఆయన వారం రోజులు చెక్కాడు. దాని పొట్ట నిండుగా ఉండాలట, కానీ బరువుగా ఉండకూడదట. డైనింగ్ టేబుల్ నిండా ఆ అక్షరాలే. మా అక్క ఉప్మా ప్లేటు పట్టుకుని నిలబడి, "ఏవండీ, ఈ ప్లేటు ఎక్కడ పెట్టమంటారు?" అంటే, "కొంచెం ఎడమకి" అన్నాడు తలెత్తకుండా.

అసలు పరీక్ష క్రిటీక్ రోజు. ఎవరు చేసింది వాళ్లు గోడకి గుచ్చాలి, క్లాసంతా దాని ముందు నిలబడి అభిప్రాయం చెప్పాలి. బావ క్లాసులో సగం మందికి ఆయన పెద్ద కొడుకు వయసు. మొదటి క్రిటీక్‌లో ముక్కుకి రింగు పెట్టుకున్న కుర్రాడొకడు ఆయన పోస్టర్ని చాలాసేపు చూసి, "ఇది నాకేమీ చెప్పడం లేదు" అన్నాడట. పాతికమంది ఇంజినీర్లకి జీతాలు పెంచి, తుంచి వచ్చిన మనిషి ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు నిజంగానే జాలేసింది. ఆ జాలి మర్నాడు మధ్యాహ్నం దాకానే ఉంది. భోజనాల దగ్గర మా అక్క కంచంలో వడ్డించినదాన్ని చూసి, "ఇందులో ముఖ్యమైనదేదో తెలియడం లేదు. ముందు కన్ను ఎక్కడికి వెళ్లాలి?" అన్నాడు. "వంటింట్లోకి. మీరే వెళ్లి వడ్డించుకోండి" అంది అక్క.

అక్కణ్నుంచి ఇక పట్టపగ్గాల్లేవు. దుకాణం బోర్డు కామిక్ శాన్స్‌లో ఉంటే లోపలికి అడుగు పెట్టడు. మేం చెప్పులు కొనుక్కొచ్చేదాకా కార్లో కూర్చుంటాడు. చీర రంగు అడిగితే నెమలికంఠం, వంకాయరంగు అనడం మానేసి, నాలుగు అంకెలు చెబుతాడు, సయాన్ ఇంత, మెజెంటా ఇంత అని. మా ఇంటి గుమ్మంలో నైకీ బూట్లు విప్పిన ప్రతివాడికీ, 1971లో కెరొలిన్ డేవిడ్సన్ అనే డిజైన్ విద్యార్థిని ఆ టిక్కు గుర్తు గీస్తే 35 డాలర్లు ఇచ్చారని చెబుతాడు. తర్వాత కంపెనీవాళ్లు ఆవిడకి షేర్లు కూడా ఇచ్చారన్న ముక్క మాత్రం మా అక్క గుర్తు చేస్తేనే చెబుతాడు.

సంక్రాంతికి అందరం కొత్త తెలుగు సినిమా చూద్దామని వాళ్లింట్లో చేరితే, 'హెల్వెటికా' అనే డాక్యుమెంటరీ పెట్టాడు. 1957లో స్విట్జర్లండ్‌లో పుట్టిన ఒక అక్షరశైలి గురించి 2007లో తీసిన సినిమా. గంటా ఇరవై నిమిషాలు. కాసేపు ఓపిక పట్టి మా అమ్మ, "హీరో ఎప్పుడొస్తాడు బాబూ?" అంది. "ఎప్పుడో వచ్చాడు అత్తయ్యగారూ, అన్ని బోర్డుల మీదా ఉన్నది ఆయనే!"

తెలుగు దగ్గరికొస్తే ఆయన గొంతు మారుతుంది. ఇంగ్లీషువాడికి గీత మీద నిలబడే అక్షరాలు, మనకి నేలమాళిగల్లోకి దిగే ఒత్తులు అంటాడు. 'రాష్ట్రం' అని రాసి చూపించి, కింది వరుసలో గుడి దీర్ఘం వస్తే రెండూ ఎలా గుద్దుకుంటాయో వివరిస్తాడు. ఇంగ్లీషు కొలతల్లోనే తెలుగు వరుసలు పేర్చేవాళ్లని తిడతాడు. బాపు చేతిరాత ప్రస్తావన వస్తే దణ్ణం పెడతాడు. ఆ మాటల్లో పస ఉందని ఒప్పుకోక తప్పదు. చిక్కల్లా సిలికానాంధ్రవాళ్లు విడుదల చేసిన ఫాంట్లకి కవుల పేర్లు ఉండడం. ఒకసారి పెళ్లివారింట్లో ఫోను పట్టుకుని, "తెనాలి రామకృష్ణ బాగాలేడు, తీసెయ్. పెద్దన్ని పెట్టు. తిమ్మన్ని చిన్నది చేసి కింద పడెయ్" అని ఎవరికో చెబుతుంటే, పెళ్లికూతురి తల్లి కంగారుగా నా దగ్గరికొచ్చి, "వంటవాళ్లని మారుస్తున్నారా?" అని అడిగింది.

చదువు ముదిరాక ఆయన సేవలు ఊళ్లోని తెలుగు సంఘానికి కూడా అందాయి. వాళ్ల ఉగాది ఫ్లయర్ ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. పైన మామిడి తోరణం, దాని కింద కలశం, పక్కన అరటాకులో పచ్చడి, నాలుగు మూలలా నాలుగు కోయిలలు, అడుగున ఇళ్లమ్మేవాళ్లూ, లోన్లిచ్చేవాళ్లూ, పళ్ల డాక్టర్లూ చేతులు కట్టుకుని నవ్వుతూ ఉంటారు. బావ వారం కష్టపడి కొత్తది చేశాడు. మీగడరంగు కాగితం, మధ్యలో ఒకే ఒక్క వేపపువ్వు, కింద తేదీ, వేళ, చోటు. అంతే. నిజం చెప్పొద్దూ, చాలా అందంగా ఉంది.

కమిటీ మీటింగులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి కోశాధికారిగారు, "చాలా బాగుందండీ. మిగతాది ఎప్పటికి పూర్తవుతుంది?" అన్నారు. ఖాళీ జాగా గొప్పదనం గురించి బావ పాఠం మొదలెట్టాడు. ఇళ్లమ్మే స్పాన్సరుగారు అడ్డు తగిలి, "ఇక్కడ చదరపు అడుగు ధర ఎంతుందో తెలుసా మీకు? ఇంత జాగా ఊరికే వదిలేస్తారా!" అన్నారు. ఫ్లయర్ బయటికొచ్చేసరికి స్పాన్సర్లందరూ కాగితం మీదికి దిగిపోయారు. వేపపువ్వు మాత్రం ఉంది, పళ్ల డాక్టరుగారు చెవి వెనక పెట్టుకున్నట్టుగా.

డబ్బు సంగతి మా అక్క అప్పుడప్పుడూ కదుపుతుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023 మేలో అమెరికాలో గ్రాఫిక్ డిజైనర్ల మధ్యస్థ వార్షిక జీతం 58,910 డాలర్లు. బావ ఆ అంకెని గర్వంగా చదివితే, "బాగానే ఉందండీ. మీరు ఇదివరకు టాక్సు కట్టింది దాదాపు అంత" అంది. ఈ విద్యలో డిగ్రీ ఎవరూ అడగరనీ, పోర్ట్‌ఫోలియో చూస్తారనీ ఆయన వాదన. ఆ పోర్ట్‌ఫోలియోలో ఏముందని అడిగితే, పుట్టని కాఫీ కంపెనీకి లోగో, ఎవరూ ఆడని నాటకానికి పోస్టర్.

అలా ఉండగా మా అమ్మ ఆర్నెల్లకి వచ్చింది, బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు సంచి నిండా వేసుకుని. మాత్రల అట్టలు మీకు తెలిసినవే. వెండిరంగు రేకు మీద చీమతలకాయల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, రెండు మాత్రలు చింపగానే పేరు సగానికి తెగిపోతుంది. ఒక ఉదయం అమ్మ షుగరు మాత్ర రెండుసార్లు వేసుకుంది. కళ్లు తిరిగాయి. మజ్జిగలో చక్కెర కలిపి తాగించి, పక్కన కూర్చుని గండం గట్టెక్కించాం.

బావ ఆ రోజు ఎవరికీ పాఠం చెప్పలేదు. రాత్రంతా కూర్చుని ఒక అట్ట తయారు చేశాడు. పరగడుపున, టిఫిను తర్వాత, అన్నం తర్వాత, పడుకునే ముందు అని నాలుగు గడులు. వేలెడంత తెలుగు అక్షరాలు. ఒక్కో మాత్రకి దాని అసలు సైజులోనే, అసలు రంగులోనే బొమ్మ. గడి పక్కన చిన్న జేబు, అందులో ఆ పూట మాత్రే ఉంటుంది. జేబు ఖాళీ అయితే వేసుకున్నట్టు. డెబొరా అడ్లర్ అనే అమ్మాయి, వాళ్ల బామ్మ పొరపాటున తాతయ్య మందు వేసుకుందని, మందుసీసా లేబుల్ని మొదలంటా మార్చేసిందనీ, 2005లో టార్గెట్ దుకాణాలు ఆ సీసాలు పెట్టాయనీ క్లాసులో చెప్పారట. మాకా కథ తర్వాత ఎప్పుడో, అడిగితే చెప్పాడు. అడిగితేనే ఆయన చెప్పిన కథ అదొక్కటే.

ఆ అట్టని క్రిటీక్‌లో గోడకి గుచ్చితే, ముక్కురింగు కుర్రాడు ఒక్క తెలుగు అక్షరం రాకుండానే ఏ మాత్ర ఎప్పుడో గడగడా చెప్పేశాడట. అమ్మ మాత్రం అట్ట పైభాగం వృథాగా ఉందని వెంకటేశ్వరస్వామి స్టిక్కరు అంటించింది. బావ దాన్ని ఒక కన్ను మూసి చూశాడు కానీ, పీకలేదు.

ఇంత మంచివాణ్ని మెచ్చుకుందామంటే ఊరుకోనివ్వడు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి కార్డు చెయ్యమని నేనే వెళ్లి అడిగాను. స్వర్గీయులైన తాతముత్తాతల ఆశీస్సులు, ఆహ్వానించువారు, అభినందించువారు, విందు వేళ, లైవ్ లింకు అన్నీ రాసి ఇచ్చాను. అమ్మాయి పేరు, తేదీ, చోటు ఉంచి తక్కినదంతా ఎర్రగీత పెట్టి కొట్టేశాడు. బేరమాడగా ఆడగా పెదనాన్న పేరుకి ఒప్పుకున్నాడు, పక్కన డిగ్రీలు మాత్రం కుదరవన్నాడు. ఆ సంగతి తెనాలికి ఫోన్ చేసి మెల్లిగా చెప్పాను.

"ఇంటర్ రెండోసారి వెలగబెడుతున్నవాడు నా బీఏ బీఎల్ తీసేయమన్నాడా!" అన్నాడు పెదనాన్న.