నాలుగు మిల్లీమీటర్ల బలసముద్రం

"రైలు కదలదా సార్?"

కదులుతుందండీ. 11.40కి కదులుతుంది. ఇప్పుడు టైము 11.12. బ్రాంచి లైను చివరి స్టేషను, రోజుకు రెండే బండ్లు, ఒకటి పొద్దున పోయింది... అని నేను ముగించేలోగా అడిగినాయన పక్క బల్ల దగ్గర ఉంటాడు. ఆ బల్ల మీద ఒక నీలం ప్లాస్టిక్ ఇంజను ముఖాన నవ్వు పులుముకుని గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. సొరంగంలో దూరుతుంది, బయటికొచ్చి కూత వేస్తుంది, మళ్ళీ దూరుతుంది. ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు, అది ఏ ఊరికి పోతుందో దాన్ని చేసినవాడికీ తెలియదు. జనమంతా అక్కడే.

బెంగళూరులో ఆ హాబీ ప్రదర్శన ముగిసి నేను ఊరికొచ్చి చాలా రోజులైంది. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు బస్సెక్కి వచ్చేసింది. పిల్లలడిగితే సరే. చేతిలో కాఫీ కప్పుతో వచ్చి, మా ప్లాట్‌ఫాం మీద కప్పు పెట్టి, "మోటారు పోయిందా?" అని జాలిపడిన పెద్దమనిషిని ఏమనాలి? ఆ ప్లాట్‌ఫాం పొడవునా మా షడ్డకుడు కూర్చోబెట్టిన ప్రయాణికుల మీద కప్పు అడుగు వలయంగా అచ్చుపడింది. ఒక ముసలమ్మకు గంప ఊడిపోయింది.

దీనికంతా మూలం మా షడ్డకుడే. కొందరికి తాగుడు, కొందరికి రియల్ ఎస్టేటు; ఇతనికి ఫైన్ స్కేల్. అంటే బొమ్మ రైలు కాదు. నిజం రైలును కొలతకు కుదించడం, కుదించేటప్పుడు వెంట్రుకవాసి కూడా అబద్ధం చెప్పకపోవడం. అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు. లెక్కవేస్తే నిజంలో 76.2వ వంతు. పూర్వం ఇంగ్లండులో ఈ స్కేలు మొదలుపెట్టినప్పుడు అప్పటి మోటార్లు వాళ్ళ చిన్న ఇంజన్లలో పట్టలేదట. అందుకని ఇంజను ఒంటిని పెంచి, పట్టాలను మాత్రం పాత 16.5 మిల్లీమీటర్ల దగ్గరే వదిలేశారు. పెద్దవాడి చొక్కా కింద పిల్లవాడి లాగు తొడిగినట్టు ఆ బండ్లు ఈ రోజుకీ ఇంగ్లండంతా తిరుగుతున్నాయి, కొన్నవాళ్ళు సుఖంగా ఉన్నారు. కొందరికి మాత్రం నిద్ర పట్టలేదు. వాళ్ళు సరిచేసి 18.83 అన్నారు. 18.8 కాదు. ఆ చివరి మూడు కోసం సంఘాలు పెట్టుకున్నారు.

మన దేశానికి అదీ చాలదు. మనది బ్రాడ్‌గేజి, అయిదడుగుల ఆరంగుళాలు. అంటే కచ్చితంగా 22 మిల్లీమీటర్లు. ఆ కొలతకు పట్టాలు కొట్లో అడిగితే, కొట్టువాడు మనకేదో జబ్బు చేసిందన్నట్టు చూస్తాడు. కాబట్టి షడ్డకుడు ఒక్కొక్క స్లీపరూ చేత్తో కోసి, ఎనిమిది మిల్లీమీటర్లకొకటి పరిచి, పట్టాను అతికించి, మళ్ళీ కొలిచి, మళ్ళీ పీకుతాడు.

"అన్నా, నువ్వు పుణే పోయినావు కదా, జోషీ గారి మ్యూజియం చూసినావా?" అన్నాడొకసారి. చూశాను. భావూసాహెబ్ జోషీ గారు జీవితమంతా కూడబెట్టిన చిన్న రైళ్ళ ఊరు అది, 1998లో జనానికి తెరిచారు. సిగ్నల్ పడుతుంది, బండి వస్తుంది, ఇంకో బండి పోతుంది, చీకటి చేసి దీపాలు వెలిగిస్తారు, పిల్లలు కేకలు. "అట్లాంటిది చెయ్యరాదా, అందరూ చప్పట్లు కొడతారు" అన్నాను. షడ్డకుడు ఆ దిక్కుకు దండం పెట్టి, "మహానుభావుడు. కానీ అది 87వ వంతు అన్నా" అన్నాడు. ఆ మాటతో చర్చ ముగిసిందని అతని ఉద్దేశం.

ఇక కంకర సంగతి. ఇది చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే ఆ ఇంట్లో సంసారమూ దీన్ని దాటి ముందుకు పోలేదు. రైల్వేవాళ్ళు పట్టాల కింద వేసే కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని నియమం. 76తో భాగిస్తే మిల్లీమీటరులో పావు నుంచి ముప్పాతిక పైచిలుకు. షడ్డకుడు వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ దించాడు. రాగులు పోసి చూశాడు. ఒక్కో గింజా స్కేలులో నాలుగంగుళాల బండ. ఇడ్లీ రవ్వ కూడా గ్యాంగ్‌మన్ ఎత్తలేడు. చిరోటి రవ్వ మరీ దుమ్ము. బొంబాయి రవ్వ మాత్రం, ఉప్మా రవ్వ, సరిగ్గా రైల్వే బోర్డు చెప్పిన కొలతకు ఉంది. గోధుమ మరలు పెట్టిన మహానుభావులు తమకు తెలియకుండానే రైల్వేకు ఇంత సేవ చేశారు.

రవ్వకు బూడిదరంగు వేసి, ఎండబెట్టి, పట్టాల మధ్య బ్రష్షుతో సర్ది, తెల్ల జిగురులో నీళ్ళు కలిపి, అందులో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, డ్రాపరుతో చుక్క చుక్కగా వదిలాడు. సబ్బెందుకంటే జిగురు ముద్దకట్టకుండా పాకడానికి. పద్ధతి అంతర్జాతీయం. రవ్వ మాత్రం మనది. దానికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో అంతర్జాతీయానికి తెలియదు. తెల్లారేసరికి కంకర ఉబ్బి, స్లీపర్లు మునిగి, లైను మొత్తం ఉడికింది. మా మరదలు వచ్చి చూసి, "వేయించి వెయ్యాల్సింది. వేయిస్తే ఉండ కట్టదు" అంది. వేయించాడు. నెయ్యి వెయ్యనందుకు ఆమె నొచ్చుకుంది. ఈసారి ఉబ్బలేదు, ఘుమఘుమలాడింది. ఆ వాసనకు చీమలు వచ్చాయి. వరసగా, క్రమశిక్షణతో, డౌన్ లైను మీదే వచ్చి, ఒక్కొక్క కంకరరాయి నెత్తిన పెట్టుకుని అప్ లైను మీద వెళ్ళిపోయాయి. రైలు కదలదా అని అడిగినవాళ్ళెవరూ ఆ రోజు లేరు. ఆ లైను మీద అంత రద్దీ మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

చివరికి నేనే పావగడ దారిలో కంకర మిషను దగ్గర గోతం పట్టి డస్టు నింపుకుని, టీ వడపోసే జల్లెడలో జల్లించి పంపాను. రాయికి రాయే సరిపోయింది. జల్లెడ గురించి మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతున్నారు.

అయితే అసలు చిక్కు ప్రశ్న ఇంకొకటి ఉంది. కాస్త ఓపికున్నవాళ్ళు స్టేషను బోర్డు చదువుతారు. "బలసముద్రం. ఇదెక్కడ సార్?" మా ఊరేనండీ. పావగడ తాలూకా, తుమకూరు జిల్లా. "అక్కడికి రైలుందా?" లేదండీ. "ఇంతకు ముందుండేదా?" లేదు. "మరి?" ఆ "మరి" దగ్గర నాకు మాట పడిపోతుంది. లేని రైలుకు చివరి మిల్లీమీటరు వరకు కొలతలు!

మాకు రైలంటే హిందూపురమో, పెనుగొండో. తుమకూరు నుంచి పావగడ మీదుగా రాయదుర్గానికి లైను 2007-08లో మంజూరైంది. 207 కిలోమీటర్లు. రాయదుర్గం వైపు నుంచి పట్టాలు ముందుగా కళ్యాణదుర్గం దాటి కదిరిదేవరపల్లి దాకా వచ్చాయి, ప్యాసింజరు కూడా నడిచింది. మా వైపు మట్టికట్టలూ వంతెనలూ చూస్తూ ఒక తరం పిల్లలు డిగ్రీలు పూర్తిచేసి బస్సెక్కి బెంగళూరు పోయారు. షడ్డకుడు ఆ లైనుకు పావగడ దగ్గర ఒక బ్రాంచి తగిలించి, నాగలమడికె మీదుగా మా ఊరికి తెచ్చుకున్నాడు. నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి రథోత్సవానికి స్పెషల్ బండి కూడా వేశాడు. 207 కిలోమీటర్లు అతని స్కేలులో రెండు కిలోమీటర్ల ఏడువందల మీటర్లు. ఒక్కొక్క స్లీపరూ కోసి, అతికించి, పీకి, మళ్ళీ అతికించే అతని వేగానికి ఆ దూరం ఎప్పటికి అవుతుందో లెక్కవేశాను. రైల్వేవాళ్ళతో పోటీ పెట్టినా పరువు పోదు.

మా బల్ల పొడవు నాలుగు మీటర్లు. అంటే నిజంలో మూడువందల మీటర్ల పైచిలుకు. ఇరవైనాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ కావాలంటే బల్ల ఏడున్నర మీటర్లుండాలి, అతని ఇంటి హాలు అంత లేదు. అందుకే పాత డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజను వెనక మూడు పెట్టెలు. మిగతా చోటంతా ఊరు: చెరువుకట్ట, చింతమాను, శెనక్కాయ చేలు. కాలం 1990లు. "ఇప్పటి ఊరు చెయ్యొచ్చు కదా" అంటే, ఇంగ్లండులో రాయ్ ఇంగ్లండ్ అనే ఒకాయన కథ చెప్పాడు. ఆస్ట్రేలియా నుంచి 1925లో వచ్చి, పల్లెల్లో పాత ఇళ్ళు రూపు మారిపోతుంటే చూడలేక, వాటిని కొలతలు తీసి ఇదే నాలుగు మిల్లీమీటర్ల స్కేలులో కట్టడం మొదలుపెట్టాడట. 1954లో లాంగ్ విటెన్‌హామ్ అనే ఊళ్ళో దానికి పెండన్ మ్యూజియం పెట్టారు. ఆయన పోయినా ఇప్పటికీ కడుతూనే ఉన్నారు.

ఇప్పటి మా ఊరంటే సోలారు. తిరుమణి, వళ్ళూరు, రాయచర్లు, క్యాతగానచర్లు, బలసముద్రం — అయిదు ఊళ్ళ పొలాల్లో 13,000 ఎకరాల పలకలు, 2,050 మెగావాట్లు. భూమి అమ్మలేదు, బాడుగకిచ్చాం. ఎకరాకు ఏడాదికి 21,000తో మొదలై, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెరుగుతుంది. వాన పడినా పడకపోయినా డబ్బు వస్తుంది. కరువు చూసిన తాలూకాలో ఇది చిన్న మాట కాదు. మా నాయనకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ పదమూడు వేల ఎకరాలను షడ్డకుడి స్కేలుకు కుదిస్తే రెండుంబావు ఎకరాలు. మా నాయన బాడుగకిచ్చింది కూడా రమారమి అంతే.

ప్రదర్శనకు ముందు నాయన్ను బెంగళూరు తీసుకుపోయి బల్ల చూపించాం. రైలు వైపు చూడలేదు. వంగి, కళ్ళజోడు తుడుచుకుని, చేను చూశాడు.

"ఏ కార్తెలో ఏసినారప్పా ఇది?"

షడ్డకుడు తడబడ్డాడు. బండికి టైం టేబులుంది, చేనుకు లేదు.

"ఆకు చూస్తే ఊడలు దిగే టైము. ఇప్పుడొక వాన పడాల. అది సరే, గొర్రు పట్టింది ఎవురు? సాలుకూ సాలుకూ అడుగుండాల. ఇది అడుగున్నర ఉండాది."

షడ్డకుడు స్కేలు తెచ్చి పెట్టాడు. ఆరు మిల్లీమీటర్లు. అడుగంటే నాలుగే ఉండాలి.

ఆ కన్ను యాభై ఏళ్ళు గొర్రు వెనక నడిచి తయారైంది. ఇప్పుడు ఊళ్ళో దానికి పని లేదు. పలకల వరసలు యంత్రం పెట్టిన కొలతకు ఉన్నాయి, వాటిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పొద్దున లేచి అరుగు మీద కూర్చుని నాయన అటే చూస్తాడు. ఏమి చూస్తున్నాడో మేమెవరం అడగం. పందొమ్మిదో శతాబ్దపు ఇంజన్ల గురించి వాదించుకునే సంఘాల్లో ఇంత పదునైన కన్ను ఎందరికుందో నాకు తెలియదు గానీ, అది వంగి తప్పు పట్టడానికి మిగిలిన చేను మాత్రం ఆ బల్ల మీద ఉన్నదే.

షడ్డకుడు ఆ రాత్రే చేనంతా పీకేసి మళ్ళీ వేయడం మొదలుపెట్టాడు. మరదలు నాకు ఫోను చేసి, "బావా, మీ నాయన్ను ఇంకోసారి తేవొద్దు" అంది.

వచ్చే ప్రదర్శనకు వచ్చేవాళ్ళకు నాదొక మనవి. కాఫీ కప్పు బయట పెట్టి రండి. రైలు కోసం నిలబడితే కాళ్ళు లాగుతాయి, దాన్ని వదిలేసి చేను చూడండి. సాళ్ళు ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్లే ఉన్నాయి, నాయన సరే అన్నాడు.