మైకు పట్టిన అలంకారశాస్త్రం

అలంకారశాస్త్రం అటకెక్కిందని బాధపడే పండితుల్ని ఎన్నికలప్పుడు ఓసారి నెల్లూరు జిల్లా చేజర్ల సెంటరుకి తీసుకురావాలి. ఇక్కడ జనం మీటింగుకొచ్చేది వాగ్దానాలు వినడానికి కాదు. అవి పోయినసారివే. కొత్తగా ఉండేవి అలంకారాలే.

ప్రాస సంగతి సరే. పక్కనున్న ఉదయగిరి నుంచి 1978లో, 1983లో అసెంబ్లీకెళ్లిన వెంకయ్యనాయుడు గారు అంత్యప్రాసలతో పేరు మోశారు, ఉపరాష్ట్రపతి దాకా ఎదిగారు. అప్పట్నుంచీ ఈ చుట్టుపక్కల మైకు పట్టిన ప్రతివాడికీ ఢిల్లీ దారి ప్రాసలోంచే పోతుందని గట్టి నమ్మకం. 'ప్రగతి' అన్నాక 'సుగతి' దొరికేదాకా వాక్యం వదలరు. ఈలోగా కార్యకర్తలు ఈలలేసేస్తారు గనక అర్థంతో పని పడదు.

అసలు పాండిత్యమంతా నీళ్ల దగ్గర బయటపడుతుంది. కారణం ఒకచోట, కార్యం ఇంకోచోట ఉంటే లాక్షణికులు అసంగతి అన్నారు. పెన్న మీద సోమశిల డ్యామ్ మన అనంతసాగరం మండలంలో ఉంది, 78 టీఎంసీలు పడుతుంది. ఆ నీళ్లు కండలేరు, పూండి మీదుగా వెళ్లి చెన్నై కొళాయిల్లో పడతాయి. దాహం తీర్చడం పుణ్యమే, కాదనను. మరి బస్సెక్కి ఆ డ్యామ్ చూసొచ్చే దూరంలో మెట్ట రైతు బోరు మీద బోరు వేయిస్తున్నాడే, దాన్ని ఏ అలంకారమనాలో లాక్షణికుడు భామహుడు చెప్పి పోలేదు.

కారణాలన్నీ ఉండీ కార్యం జరక్కపోతే విశేషోక్తి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన అయింది. ఉదయగిరి మెట్టలకు కూడా నీళ్లన్నారు. రైతులు ఎదురు చూస్తూనే ఉన్నారు. కారణం లేకుండానే కార్యం జరిగితే విభావన. 2021 నవంబరులో పెన్న పొంగి ఇళ్లలోకొచ్చింది. ఆ నీళ్లకు శిలాఫలకం ఎవరూ వేయలేదు, రిబ్బనూ కత్తిరించలేదు.

రాబోయేదాన్ని కళ్లముందు జరుగుతున్నట్టు చెబితే భావికం. మన నాయకులకు ఇది వెన్నతో పెట్టిన విద్య. మొన్న ఒకాయన ఎండిన కాలవ గట్టు మీద నిలబడి 'అదిగో గలగలలు' అన్నాడు. వెనకున్నవాళ్లు లేచి నిలబడి చూశారు కూడా.

అలంకారాలు వేదిక సొత్తే అనుకుంటే పొరపాటు. సభ అయ్యాక ముందు వరసలోని పెద్దాయన నాయకుడి చెయ్యి పట్టుకున్నాడు: "అబ్బయ్యా, నీ మాటలకు తడిసి ముద్దయినాం. ఇంక మాకు కాలవెందుకు? వారానికో తూరి నువ్వే వచ్చి మడికట్లో మాట్లాడి పో."

నాయకుడు పొంగిపోయి, ఆ మాట ప్రెస్‌నోట్‌లో మొదటి పేరాలో పెట్టమన్నాడు.