కుర్చీలాటలో మా ఊరి కుర్చీ

మహారాజశ్రీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దల సముఖానికి,

గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోని ఖాళీ కుర్చీల తరఫున నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. దేశంలో ఫుట్‌బాల్‌ని ఉద్ధరించే పనిలో తమరు రేయింబవళ్లు నలిగిపోతున్నారనీ, కోర్టు మెట్లు ఎక్కి దిగడంతోనే తమ చెప్పులు అరిగిపోతున్నాయనీ మాకు తెలుసు. అంతటి తీరికలేని వారిని ఒక్క ఊరి గోడుతో కదిలించడం సబబు కాదనీ తెలుసు. కానీ 2026 ఫిబ్రవరి 14న మొదలుపెడతామని ప్రకటించిన ఇండియన్ సూపర్ లీగ్‌లో 14 జట్ల పేర్లు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివినా హైదరాబాద్ అన్న మాట కనబడలేదు. అచ్చుతప్పేమో అనుకుందామంటే అదీ కాదు. 2022లో ఇదే లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబరులో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. అద్దె ఇల్లు మారినవాడు గ్యాస్ కనెక్షన్ బదిలీ చేయించుకున్నట్టు ఒక ఊరి జట్టుని ఇంకో ఊరి చిరునామాకి మార్చుకున్నారు, తమరు సరేనన్నారు. ఇక్కణ్ణుంచి 'తమరు' అనడం మా వల్ల కాదు. మీరు అనే అంటాం.

మీ తరఫున ఎవరైనా చెప్పబోయే జవాబు మాకు ముందే తెలుసు. జనం రాలేదు, డబ్బు రాలేదు, జట్టు పోయింది. వినడానికి లెక్క సరిగ్గానే ఉంది, వరసే తిరగబడింది. జట్టు ఎక్కడా నిలవలేదు కాబట్టే జనం రాలేదు. 2019 ఆగస్టు గుర్తుచేసుకోండి. ఢిల్లీ డైనమోస్ ఢిల్లీని వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే నెలలో పుణె సిటీ మూతపడి ఆ చోటు హైదరాబాద్‌కి వచ్చింది. 2023లో రెండో మెట్టు లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచి పైకొచ్చిన పంజాబ్ జట్టు తన 'సొంత' మ్యాచ్‌లు ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో ఆడుకుంది. ఇప్పుడు హైదరాబాద్ జట్టు కూడా ఢిల్లీకే చేరింది. అంటే ఢిల్లీది ఒడిశాకి, పుణెది మాకు, పంజాబ్‌ది ఢిల్లీకి, మాదీ ఢిల్లీకి. చిన్నపిల్లలు పాట ఆగగానే పరిగెత్తే కుర్చీలాట ఇది. పాట ఎవరు పెడుతున్నారో, ఎవరు ఆపుతున్నారో మాత్రం కుర్చీల్లో కూర్చోవాల్సిన వాళ్లకి తెలియదు. ఏడాదికో పొలం మారాల్సిన కౌలు రైతు మిరప వేస్తాడు గానీ మామిడి మొక్క నాటడు. ప్రేక్షకుడు మామిడి లాంటివాడు. కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చాక తరాలు కాస్తాడు. మీరేమో కౌలు కాగితాలు చేతికిచ్చి తోటలు పెరగలేదేమని అడుగుతున్నారు.

మాటలు వద్దు, మా ఊరి పద్దే విప్పి చూద్దాం. హైదరాబాద్ జట్టు ఆడింది ఆరు సీజన్లు. మొదటిది 2019-20. పది జట్లలో పదో స్థానం, 18 మ్యాచ్‌లకి రెండే గెలుపులు. అయినా ఆ రెండింట్లో ఒకటి సొంతగడ్డ మీద జరిగిన మొట్టమొదటి మ్యాచే, కేరళ బ్లాస్టర్స్ మీద 2-1. కొత్త కాపురం బాగానే మొదలైంది. తర్వాతి రెండు సీజన్లూ కోవిడ్ వల్ల పూర్తిగా గోవాలోనే జరిగాయి. ఇది మీ తప్పని అనడం లేదు. కానీ దాని ఫలితం చూడండి: 2022 మార్చి 20న ఫటోర్డాలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు అందించిన జట్టు, ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి బంగారు బూటు గెలిచిన జట్టు, ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఊరికి కప్పు వచ్చింది, కప్పు గెలిచిన ఆట మాత్రం టీవీలోనే కనబడింది. నాలుగో సీజన్, 2022-23, ఒక్కటే అసలైన సీజన్. జట్టు రెండో స్థానంలో నిలిచి సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఓడింది. ఐదో ఏడు జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్తవాళ్లని చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది, 22 మ్యాచ్‌లకి ఒకే గెలుపు. ఆరో ఏడు కొత్త యజమానులు సీజన్ మొదలయ్యే వేళకి పగ్గాలు పట్టుకున్నారు, 13 జట్లలో 12వ స్థానం. ఆరేళ్ల కాపురంలో సవ్యంగా సాగిన సంసారం ఒక్క ఏడాది. ఆ ఒక్క ఏడాదిలో తరగని అభిమానం పుట్టలేదని మా మీదే నేరం మోపుతారా?

హైదరాబాద్ క్రికెట్ ఊరు, ఇక్కడ ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు అని మరో మాట ఉంది. ఇదే నిజమైతే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఏ ఊరివాడు? ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది, 1950లో డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్‌ని ఓడించింది. రహీం తీర్చిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. 2014లో మీ లీగ్ ఎనిమిది ఊళ్లతో మొదలైనప్పుడు ఈ ఊరికి చోటు లేదు. రహీం మీద హిందీలో సినిమా తీయడానికి జనం దొరికారు, రహీం ఊళ్లో జట్టు నిలబెట్టడానికే దొరకలేదు. ఇక క్రికెట్ సంగతి. 2025 అక్టోబరు 2న, విజయదశమి నాడు, అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ మీద టెస్టు. మన సిరాజ్ నాలుగు వికెట్లు తీస్తుంటే 1,32,000 మంది పట్టే స్టేడియంలో కనుచూపు మేర ఖాళీ కుర్చీలే. అంటే క్రికెట్ అయినంత మాత్రాన జనం వచ్చి వాలిపోరు. మరోవైపు 2023లో అట్టడుగున నిలిచిన సన్‌రైజర్స్ కోసం మరుసటేడు ఉప్పల్ మళ్లీ నారింజ రంగుతో నిండింది. తారలున్నారు, నిజమే. కానీ తారలతో పాటు ఇంకోటి ఉంది. ఎండాకాలం వస్తే జట్టు ఉప్పల్‌కి వస్తుందని పదేళ్లకి పైగా ఊరికి తెలుసు. జాతర తిథి మారకపోతేనే కదా బండ్లు కట్టేది.

ఫోన్ చేతికొచ్చాక స్టేడియానికి ఎవరొస్తారని కొందరు, రాత్రిపూట ఇంగ్లిష్ లీగ్ చూసే కళ్లకి మన ఆట ఆనదని ఇంకొందరు. ఈ రెంటికీ జవాబు మీ సొంత చరిత్రలోనే ఉంది. 2018 జూన్ 1న ముంబయిలో భారత్ 5-0తో చైనీస్ తైపీని ఓడించింది. సునీల్ ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు. చూసినవాళ్లు 2,569 మంది. మర్నాడు ఛెత్రి ఒక వీడియోలో చేతులు జోడించినంత పని చేసి, తిట్టండి, వెక్కిరించండి, కానీ స్టేడియానికి వచ్చి తిట్టండి అని వేడుకున్నాడు. జూన్ 4న కెన్యాతో మ్యాచ్‌కి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ మూడు రోజుల్లో ముంబయి జనం ఫోన్లు పారేయలేదు, మన ఆట అమాంతం బాగుపడలేదు. ఎవరో ఒకరు పేరుపెట్టి పిలిచారు, అంతే. ఒక్క వీడియోతో వచ్చిన జనం నిలవరు అంటారా? నిలవరు, ఒప్పుకుంటాం. నిలబెట్టడం ఛెత్రి పని కాదు, మీ పని. ఆట స్థాయి మాటకొస్తే, మలబార్ ఊళ్లలో ఏడుగురేసి ఆడే సెవెన్స్ పోటీలకి కట్టెల గ్యాలరీలు కట్టుకుని మరీ జనం కూర్చుంటారు. సంక్రాంతికి మన పల్లెల్లో కబడ్డీ పోటీ పెడితే ప్రపంచ స్థాయి ఉందో లేదో విచారించి ఎవరూ రారు. తమ ఊరు గెలుస్తుందో లేదో చూడటానికి వస్తారు. మా ఊరి పేరు జెర్సీ మీద ఉంటుందో లేదో మీరే తేల్చలేనప్పుడు మేం ఎవరి గెలుపు చూడటానికి రావాలి?

రావాలనుకున్నవాణ్ణి మీరు ఎక్కడికి పిలిచారో కూడా చెప్పుకోవాలి. ఈ ఊళ్లో బంతి తన్నే పిల్లలు బార్కస్‌లో ఉన్నారు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టూ ఉన్నారు. మ్యాచ్ మాత్రం గచ్చిబౌలిలో, అదీ టీవీ వాళ్ల వీలు చూసి రాత్రి 7:30కి, కంపెనీల బస్సులూ కార్లూ రోడ్డు మీద అంగుళం అంగుళం పాకే వేళకి. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, ఆపైన ఆటోవాడి దయ. తీరా లోపలికి వెళితే, పరుగుపందేల కోసం కట్టిన స్టేడియం కాబట్టి గ్యాలరీకీ మైదానానికీ మధ్య ట్రాక్. ఆటగాడి ముఖం కనబడదు, తిట్టినా వాడికి వినబడదు, ఫుట్‌బాల్ చూడటంలో సగం సుఖం అక్కడే పోయింది. ఆట ముగిసేసరికి తొమ్మిదిన్నర. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని బార్కస్‌కి ఎప్పుడు చేరాలి? ఇన్ని దాటుకుని కూడా పసుపు జెర్సీలు వేసుకుని డోళ్లు కొట్టిన డెక్కన్ లీజియన్ అభిమాన సంఘం కుర్రాళ్లున్నారు. ఓడిపోతున్న ఏళ్లలోనూ వచ్చారు. ఖాళీ కుర్చీల్ని లెక్కపెట్టేటప్పుడు నిండిన కుర్చీల్ని కూడా ఒకసారి లెక్కపెట్టి ఉండాల్సింది.

ఇది ఒక్క మీ జబ్బే కాదులెండి, ఊరి పేరు అద్దెకి తీసుకోవడం అందరికీ అలవాటైంది. తిరిగి ప్రాణం పోసుకున్న హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ అనే జట్టుంది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. ఆ సీజన్ మొత్తం రూర్కెలా, రాంచీల్లోనే, హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ లేదు. తుపాను ఏ దిక్కున పుట్టిందో ఊరికే తెలియదు. 2018లో హైదరాబాద్ హంటర్స్ గెలిచిన బ్యాడ్మింటన్ లీగ్ 2020 తర్వాత జరగనే లేదు, అదీ సింధు ఊళ్లో, గోపీచంద్ ఊళ్లో. విశాఖ కథ మళ్లీ మీ ఖాతాలోదే. 2020లో విశాఖపట్నం పేరున ఐ-లీగ్‌లో శ్రీనిధి జట్టుకి చోటిచ్చారు, ఆ జట్టు చివరికి హైదరాబాద్‌లో స్థిరపడింది. సముద్రం ఒడ్డున ఎదురుచూసినవాళ్లకి ఎవరైనా ఒక కార్డు ముక్క రాశారా? ఆ శ్రీనిధి డెక్కన్ 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. పైకి వెళ్లే దారి మొదటి స్థానానికే కాబట్టి అక్కడే ఆగింది. ఇదే ఊళ్లో ఆడుతూ పైమెట్టు ముంగిట నిలిచిన జట్టుకి తలుపు తీయలేదు, పైమెట్టు మీద ఉన్న జట్టుకి ఊరు దాటే తలుపు తీశారు.

ఇక మిగిలింది డబ్బు సంగతి. యజమానులు నష్టపోతుంటే కట్టిపడేయలేం కదా అంటారు. నిజమే, సొంత సొమ్ము పోగొట్టుకోమని ఎవరినీ బలవంతపెట్టలేం. అమ్ముకోవచ్చు, మూసుకోవచ్చు. కానీ ఊరుని మార్చుకునే హక్కు ఎవరిచ్చారు? అది యజమాని సొమ్ము కాదు, మీరు పెట్టిన షరతు మీద ఆధారపడ్డది. పుణె మూతపడినప్పుడు కనీసం మూతపడిందని చెప్పారు. మాదేమో బతికే ఉంది, మాకు లేదు. ఇంగ్లండ్‌లో 2002లో వింబుల్డన్ క్లబ్బుని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి ఒప్పుకున్నప్పుడు అభిమానులు తామే కొత్త క్లబ్బు పెట్టుకుని, తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టి, 2011కల్లా ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎక్కారు. అక్కడ ఎక్కడానికి మెట్లున్నాయి. ఇక్కడ మెట్ల కంటే టెండర్లే ఎక్కువ. లీగ్ హక్కుల టెండరు గతి ఏమైంది? 2010లో 15 ఏళ్లకి 700 కోట్ల వాణిజ్య హక్కుల ఒప్పందం చేసుకున్నారు, అది 2025 డిసెంబరు 8న ముగుస్తుందని 15 ఏళ్ల ముందే కాగితం మీద ఉంది. ముగిసేలోగా కొత్తదానికి టెండరు పిలిస్తే ఒక్క బిడ్ రాలేదు. కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న చూసేవాళ్లెవరనే కదా. ఊరూరా మొలకెత్తిన చూసేవాళ్లని పీకి పీకి నాటుతూ వచ్చినవాళ్లకి ఆ ప్రశ్నకి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది? 2026లో లీగ్ 91 మ్యాచ్‌లకి కుదించుకుపోయింది. ఒక్కో జట్టుకి 13, అందులో సొంతూళ్లో సగటున ఆరో ఏడో. ఏడాదికి ఆరుసార్లు కనబడే చుట్టం ముఖం పిల్లలు గుర్తుపెట్టుకుంటారా?

అయ్యా, కోపం ఇక్కడికి అయిపోయింది. అడగాల్సింది అడుగుతాం. హైదరాబాద్‌కి వెంటనే పెద్ద లీగ్ జట్టు కావాలని అడగం, కింది మెట్టుదైనా చాలు. అది ఈ ఊళ్లోనే పదేళ్లు ఉంటుందని లైసెన్సు కాగితంలో ఒక వాక్యం రాయండి. యజమాని మారినా ఊరు మారదని ఇంకో వాక్యం. సీజన్ తేదీలు రెండు నెలల ముందు చెప్పండి, శని ఆదివారాల్లో సాయంత్రం ఐదింటికి ఒక్క మ్యాచ్ అయినా పెట్టండి. బార్కస్ నుంచి పిల్లలు వచ్చి పెందలాడే ఇల్లు చేరేంత దగ్గర్లో మైదానం వెతకండి, ట్రాక్ లేనిది దొరికితే మరీ సంతోషం. అడుగున ఉన్నా చూస్తాం, ఓడితే తిడతాం, తిట్టడానికైనా ఒకే చోటికి వస్తాం. ఇదేదీ కుదరదంటే ఆ ముక్కే చెప్పండి, కనీసం ఎదురుచూడటం మానుకుంటాం. అప్పుడు మిగిలే ఇబ్బంది ఈ పసుపు జెర్సీలే. ఢిల్లీ వాళ్లకి పనికిరావు. కేరళ వాళ్లదీ పసుపే కాబట్టి, సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అటు వెళితే గ్యాలరీలో ఒక మూల ఎవరూ గుర్తుపట్టకుండా కూర్చోవచ్చు.

ఇట్లు,
గచ్చిబౌలి గ్యాలరీలోని ఖాళీ కుర్చీల తరఫున,
తమ విధేయుడు