తెలంగాణ పురపాలక చట్టము వారికి ఒక వార్డువాసి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెలంగాణ పురపాలక చట్టము (2019) వారి దివ్యసముఖమునకు,

పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు ముంబయి రహదారికి ఇరుప్రక్కల వ్యాపించియున్న పారిశ్రామిక సీమలో, ఒకానొక పురపాలక సంఘమునందు, ఒకానొక వార్డులో కాపురముండు విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి చేసికొను విన్నపము.

ఈ లేఖను మంత్రిగారికో కలెక్టరుగారికో వ్రాయుమని మిత్రులు సలహా చెప్పిరి. కాని మంత్రులు మారుదురు, కలెక్టర్లు బదిలీ యగుదురు. తమరు మాత్రము 2019లో అవతరించిన నాటినుండి చెక్కుచెదరక కొలువుదీరి యున్నారు కనుకను, మా గల్లీలో వేపమొక్క ఎండిననాడు ఎవరిని దండింపవలెనో నిర్ణయించినవారు తమరే కనుకను, నేరుగా తమకే వ్రాయుచున్నాను. మా సంఘము పేరు మాత్రము చెప్పను. విధి తప్పిన సభ్యులపై వ్రేటు వేయు అధికారమును తమరు కలెక్టరుగారి చేతిలో పెట్టియున్నారు. ఆ వ్రేటు నా వ్రాత మూలమున మా వార్డు సభ్యులెవరిపైనను పడుట నాకు సమ్మతము కాదు.

నేనెవరినందురా? ప్రతి వార్డునకును యువకులకొకటి, స్త్రీలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి చొప్పున నాలుగు కమిటీలను, ఒక్కొక్కదానిలో 15 మందితో ఏర్పరుపవలెనని తమరు ఆజ్ఞాపించితిరి గదా! ప్రముఖుడను కాలేకపోవుటచేత వృద్ధుల కమిటీలో చేరినవాడను. మేము 60 మందిమి సలహా చెప్పువారము. వినవలసిన మనిషి ఒక్కతె. ఆమెయే 2025 జనవరి వరకు మా కౌన్సిలర్.

సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడిన పుణ్యమున ఆమె 2020 జనవరి ఎన్నికలలో గెలిచినది. గెలిచినది ఆమెయే యైనను ఫోను మ్రోగునది భర్త జేబులో నని మొదటి ఏడాది లోకము చెప్పుకొనెను. అందు కొంత నిజము లేకపోలేదు. కాని గుమ్మములో నిలిచి “అమ్మా, సారు లేడా?” అని అడిగిన ఒక పెద్దమనిషితో ఆమె “సారుకు ఓటేసినవా అన్నా, నాకేసినవా?” అనిన పిమ్మట ఆ ప్రశ్న మా వీధిలో మరల వినబడలేదు.

తెల్లవారి ఆరు గంటలకే ఆమె గేటు చప్పుడగును. “అక్కా, మోరీ నిండి నీళ్లు ఇంట్లకొస్తున్నయి.” “అక్కా, నల్లా రాక మూడు దినాలాయె.” “మేడమ్, మా గల్లీ లైటు పగలంత వెలుగుతది, రాత్రికి ఆరిపోతది.” చెత్త ఆటో రాలేదని ఒకరు, వచ్చిన ఆటో నిలువలేదని మరొకరు, కుక్కలు పట్టించుమని ఒకరు, పట్టినవారు మా కుక్కను గూడ పట్టుకొనిపోయిరని మరొకరు, రేషను కార్డులో కోడలి పేరెక్కలేదని, ఆసరా పింఛను ఆగినదని, కల్యాణలక్ష్మి వారిచ్చు 1,00,116 రూపాయల చెక్కు బిడ్డ పుట్టినను రాలేదని, వినాయక మండపమునకు చందా తక్కువైనదని, తమ్ముని ఠాణాలో కూర్చుండబెట్టిరి వచ్చి విడిపించుమని, ఇట్లు వచ్చువారి మాటలన్నియు విని, ఎవరికి ఏ సమాధానము చెప్పెనో మరువక, పదిగంటలలోపల ఆమె చద్దన్నము తినవలెను. వీనిలో తమరు ఆమెకు అప్పగించిన పనులెన్ని యని నేనొకనాడు లెక్కింపబోయి విరమించితిని. రేషను కార్డు ఒక శాఖది, పింఛను వేరొక శాఖది, ఠాణా ఎవరిదో చెప్పనక్కరలేదు. అయినను “అది నా పని కాదు” అను మాట ఆమె నోట వెడలరాదు. వెడలినచో “నీ పని కాకుంటే ఓట్లకెందుకొచ్చినవ్?” అను ప్రశ్న సిద్ధముగా నుండును, దానికి సమాధానము తమ పుటలలో నాకు కానరాలేదు.

ఇక హరితధర్మమును గూర్చి. బడ్జెటులో 10 శాతము పచ్చదనమునకు వ్యయింపవలెనని, నాటిన మొక్కలలో 85 శాతము బ్రతుకవలెనని, బ్రతుకనిచో ఆ వార్డు సభ్యుని పదవి పోవునని తమరు శాసించితిరి. ఉద్దేశము ఉదాత్తమైనది, వృక్షద్వేషి ఎవడును మాలో లేడు. కాని మొక్క చచ్చుటకు గల మార్గములు తమరు విచారింపలేదు. మేకలు మేయును, కరెంటు తీగల క్రింద నాటినదానిని విద్యుత్తు సిబ్బంది నరుకుదురు, రహదారి వెడల్పు చేయువారు పెకలింతురు, మైసమ్మగుడి ముందరి చెట్టును ఫ్లెక్సీ కట్టువారు తాళ్లతో బిగింతురు, దుకాణమునకు అడ్డమని వర్తకుడు రాత్రివేళ వేళ్లలో ఏమి పోయునో దేవునికెరుక. వేప ఎండిపోగా, కానుగ ఎండిపోగా, ఆమె చివరకు లోకులందరు కనుగొన్న ఉపాయమునే కనుగొన్నది: పశువులు ముట్టని కోనోకార్పస్‌ను డివైడర్ పొడవున నాటించినది. అది ఎండకు చావదు, పొగకు చావదు, నిర్లక్ష్యమునకు చావదు. దానిపై పక్షి వ్రాలకుండుగాక, దాని పుప్పొడివలన ఊపిరాడదని వైద్యులు చెప్పుదురుగాక. 85 శాతము సురక్షితము. పిమ్మట ఆ మొక్కను నాటవద్దని పైనుండి ఉత్తర్వులు వచ్చినవి. చావనిదానినే నాటించు శాసనమును వ్రాసినవారు తామే యని ఈ సందర్భమున మనవిచేయుట అవినయమగునేమో.

మొక్కకు జవాబుదారి యున్నది, మంచిదే. మా వార్డు గాలికి జవాబుదారి ఎవరు? ఇచ్చటనే నా విన్నపముయొక్క సారమున్నది గనుక కొంచెము సావధానముగా ఆలకింపవలెను.

1970వ దశకమునుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో మందులు, రసాయనములు చేయు కర్మాగారములు వరుసగా వెలసినవి. పారిశ్రామికవాడ గోడదాటి లోపల పురపాలక అధికారము పరిశ్రమల మౌలిక వసతుల సంస్థది. దాని స్థానికాధికార విభాగమునే జనులు ‘ఐలా’ యందురు. అచటి ఆస్తిపన్నును వసూలుచేయునది అదియే. అందు 35 శాతము మాత్రమే స్థానిక సంస్థకు వచ్చును. గోడలోపలి దీపము, గోడలోపలి రోడ్డు, గోడలోపలి అనుమతి, ఇవన్నియు వారివి. గోడ దూకి వచ్చు వాసన, గోడక్రిందినుండి పారు నురుగునీరు, గోడవెలుపల బస్సు దిగి మా గల్లీలో అద్దెకుండు పదిమందికొక గది కూలీలు, ఇవన్నియు మా కౌన్సిలర్‌వి. పన్నును పంచుకొనుటకు సూత్రమున్నది. పొగను పంచుకొనుటకు లేదు.

ఈ సీమ నీటి చరిత్ర తమకు తెలియనిది కాదు. మంజీరలో కలియు నక్కవాగు ఏ రంగున పారెనో, దాని గట్టున పొలములు ఎట్లు పడావుపడినవో 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యమై, హైకోర్టుకు నడచి, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు వెలువడునప్పటికి ఫిర్యాదిచ్చిన రైతుల మనుమలు వోటర్లైరి. నడుమ 1994లో సామూహిక శుద్ధికేంద్రము వచ్చినది. ఆ కేంద్రము శుద్ధిచేసి విడిచిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అను మందు కరగియున్నదని స్వీడన్ దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిరి. రోగికి వైద్యుడు తూచి ఇచ్చు మందు వాగులో ఉచితముగా పారుటచే, క్రిములు దానికి అలవాటుపడి లొంగుట మానునని శాస్త్రజ్ఞుల భయము. ఇంతటి వాఙ్మయము గల వాగు ఒడ్డున మా కౌన్సిలర్‌కు ఉన్న అధికారమెంత? ఒక ముసలి రైతు తన బోరునీటిని ప్లాస్టిక్ సీసాలో నింపి తెచ్చి, “బిడ్డా, జర వాసన చూడు” అని ఆమె బల్లపై పెట్టినప్పుడు, ఆమె వాసన చూడగలదు. అంతే.

మరి ఆమె ఫిర్యాదు చేయరాదా యందురు. చేయగలదు, కాని ఆమె ఉదయ సాయంకాలములను తమరు ఒకసారి ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఉదయమున ఐటీఐ చదివిన కుర్రవాని తల్లి వచ్చును. ఆమె యెదుటనే కౌన్సిలర్ ఒక కర్మాగారపు మేనేజరుకు ఫోను చేసి, “సార్, మా పిల్లగాడు, కాంట్రాక్టు పనైనా సరే, జర చూడుండ్రి” అని బ్రతిమాలును. ఆ మేనేజరే బతుకమ్మ ఘాటుకు దీపములు పెట్టించినవాడు, బస్తీకి మంచినీటి యంత్రము దానమిచ్చినవాడు, ఆ యంత్రముపై ఆమె పేరు తనపేరుకంటె పెద్ద అక్షరములతో చెక్కించినవాడు. రాత్రి పదిగంటలకు గాలి మళ్లి కుళ్లిన వాసన వార్డంతయు కమ్ముకొనగా, “అక్కా, పిల్లలు దగ్గుతున్నరు” అని ఫోను చేయునది ఎవరు? ఆ కుర్రవాని తల్లియే. ఉదయము అర్థించిన నోటితో రాత్రి ఆరోపింపవలెను. ఆరోపించినచో కుర్రవాని పని పోవును. మౌనము వహించినచో ఆమె అమ్ముడుపోయినదని మరునాడు చౌరస్తాలో అందురు. నేను గమనించినంతవరకు ఆమె చాలసార్లు మౌనమునే వహించినది. నేను ఆమెను తప్పుపట్టితిని, ఇప్పటికిని పట్టుచున్నాను; కాని ఆమె స్థానమున నుండినచో నేనేమి చేసియుందునో గట్టిగా చెప్పలేను.

ఆ అద్దెగదుల మాట యొకటి. 75 గజముల లోపు స్థలమున ఇల్లు కట్టుకొనుటకు అనుమతితో పనిలేదని, ఒక్క రూపాయితో నమోదు చాలునని 2020లో వచ్చిన తమ సోదరశాసనము సెలవిచ్చినది. పేదకు మేలే. కాని ఆ 75 గజములపై మూడవ అంతస్తును లేపి, రేకులు కప్పి, ఒడిశా, బీహారు కూలీలకు అద్దెకిచ్చినవాడు ఎన్నికలలో ఆమె బూత్ ఏజెంటు. ప్రక్కయింటివాడు ఫిర్యాదుపత్రముతో వచ్చును. అతడును ఆమె వోటరే. ఆ కూలీలకు మాత్రము ఇచ్చట వోటు లేదు. వారు నల్లావద్ద నిలుచుందురు, మోరీ దాటుదురు, ముంపువచ్చినప్పుడు అందరికంటె ముందు మునుగుదురు. వార్డు జాబితాలో మాత్రము ఉండరు.

2025 జనవరిలో ఆమె గడువు ముగిసినది; ప్రత్యేకాధికారి వచ్చెను. ఆ యేటనే జూన్ 30న పాశమైలారములోని ఒక మందుల కర్మాగారమున ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు మరణించిరి; వారిలో పలువురు పరరాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. ఆనాడు మా వార్డులోని అద్దెగదుల యజమానులు తమ గదులవారు తిరిగివచ్చిరో లేదో తెలియక, ఏ కుర్చీయు లేని ఆ మనిషి యింటికే వచ్చిరి. ఆమె పదవి పోయినదన్న సంగతి వారికి తెలియును. మరి యెవరి గుమ్మము త్రొక్కవలెనో తెలియదు. పురపాలక సంఘమే వలదని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట చీరాల, పేరాల జనులు ఊరువిడిచి పదకొండు నెలలు పాకలలో కాపురముండిరి. వారికి పురపాలకమనగా పన్ను మాత్రమే. మావారికది ఒక గేటు. తట్టిన తెరచుకొనవలెను, తెరచినవారికి ఏ అధికారమున్నదో మేమెన్నడు అడుగము.

(సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును వస్తుప్రదర్శనశాలగా మార్చి, 500 రూపాయలు చెల్లించినవారికి ఒక దినము ఖైదీవలె ఉండు సదుపాయము 2016లో కల్పించిరి. గేటు చప్పుడుతో అలసిన ఆమెకు ఆ సంగతి చెప్పగా, “సార్, వారానికైతే ఎంత తీసుకుంటరు?” అని అడిగినది.)

కావున నా ప్రార్థన స్వల్పమైనది. మరియొక కమిటీ అక్కరలేదు. శతాంశముల నియమము మరియొకటి వలదు. పారిశ్రామికవాడలనుండి మాకు రావలసిన 35 శాతములో ఎంత వచ్చినది, ఎంత రాలేదు అను లెక్కను, వార్డు సరిహద్దున పారు ప్రతి వాగుయొక్క, వీచు గాలియొక్క నెలవారీ పరీక్షాఫలితములను పాలకవర్గ సమావేశమున తెలుగులో చదివి వినిపించుట విధియగునట్లు ఒక నిబంధన చేర్చుడు. వాసన వచ్చిన రాత్రి వార్డు సభ్యురాలు వ్రాతమూలముగా అడిగిన ప్రశ్నకు పదునైదు దినములలో వ్రాతమూలముగా ఉత్తరమీయుట సంబంధిత అధికారికి విధిగా చేయుడు. అప్పుడామె మేనేజరుతో “నేనేమి చేతును సార్, చట్టమడుగుచున్నది” అని చెప్పగలదు. కుర్రవాని పనియు నిలుచును. ఒక మొక్క ఎండినందుకు ఆమె పదవి తీయగల తమరు, ఒక ప్రశ్నకు సమాధానము తెప్పింపలేకపోవుట న్యాయము కాదు.

ప్రత్యుత్తరమును మా పాత కౌన్సిలర్ చిరునామాకే పంపవలెను. మా వీధికి వచ్చు ఉత్తరములన్నియు ఎట్లును అచ్చటికే చేరును.

ఇట్లు,
వార్డు వృద్ధపౌరుల కమిటీలో పదునైదవ సభ్యుడు