తగ్గితే మా ఘనత, పెరిగితే మీ చైతన్యం

మన రెండు రాష్ట్రాల్లోనూ నేరం పోలీసుల మీద గెలిచిన సంవత్సరం ఒక్కటీ లేదు. ఏటా డిసెంబరు చివరి వారంలో పెద్ద అధికారులు వార్షిక నివేదిక చదువుతారు. అంకె నిరుటి కన్నా తగ్గితే గస్తీ, సీసీ కెమెరాల చలవ. పెరిగితే ప్రజల్లో చైతన్యం వచ్చి, ఖాకీ మీద నమ్మకం కుదిరి, ధైర్యంగా ఫిర్యాదు చేస్తున్నారన్నమాట. అంకె ఎటు దొర్లినా పతకం అటే పోతుంది. మర్నాడు జిల్లా ఎడిషన్లో అదే ప్రెస్‌నోట్, అవే వాక్యాలు, పక్కన రంగుల పట్టిక. పైన మాత్రం 'మా ప్రతినిధి' అని ఉంటుంది. ఎవరి ప్రతినిధో పాఠకుడే తేల్చుకోవాలి.

ఆ పట్టికలో శాతాలు లావు అక్షరాల్లో, అసలు అంకెలు చీమ తలకాయంత. మండలంలో నిరుడు రెండు హత్యలు జరిగి ఈ ఏడు మూడైతే 'యాభై శాతం పెరిగిన హత్యలు' అని శీర్షిక. పై ఏడు మళ్లీ రెండుకు దిగితే 'హత్యలకు అడ్డుకట్ట'. బతికి బట్టకట్టిన ఆ ఒక్క మనిషికి తానే ఆ అడ్డుకట్టనని తెలియదు పాపం.

2022 సైబర్ లెక్కలే చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ, అదే ఎన్‌సీఆర్‌బీ, చెప్పిన ప్రకారం ఆ ఏడాది దేశం మొత్తం మీద నమోదైన సైబర్ కేసులు 65,893. అందులో ఒక్క తెలంగాణవే 15,297. ఆంధ్రప్రదేశ్‌లో 2,341. ఇంకేముంది, తెలంగాణ నంబర్ వన్! అయ్యా, ఆంధ్రలో జనం ఎక్కువ, ఫోన్లకూ కొదవ లేదు, ఓటీపీ చెప్పమనే గొంతు రెండు చోట్లా ఒకటే. మరి జార్ఖండ్‌లోని జామ్‌తాడాలో బయల్దేరిన మోసగాడు హైదరాబాద్ దాకా దర్జాగా వచ్చి, విజయవాడ హైవే మీద సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు చూసి దడుచుకుని వెనక్కి తిరిగాడా? దొంగ ఆగి ఉండడు, కలం ఆగి ఉంటుంది. రాసినవాడికి అపఖ్యాతి, రాయనివాడికి ప్రశాంతత. ఈ బేరం చూశాక కేసు కట్టాలని ఏ స్టేషన్‌కు బుద్ధి పుడుతుంది?

నేరాలు పెరగడం వేరు, కేసుల నమోదు పెరగడం వేరు, రెంటినీ కలిపేయకండి మహాప్రభో అని ఎన్‌సీఆర్‌బీయే తన నివేదికలో మొత్తుకుంటుంది. ఆ పేజీ తిప్పే ఓపిక ఎవరికుంది? నేరాల రేటులో కేరళ ఏటా పై వరసల్లోనే ఉంటుంది, బిహార్ ఎక్కడో కింద. ర్యాంకులనే నమ్మితే అందరం కొచ్చి ఖాళీ చేసి పట్నాలో ప్లాట్లు కొనాలి.

నగరాల ర్యాంకుల్లో ఇంకో సొగసుంది. అదే 2022లో లక్ష మందికి 86.5 కేసులతో కోల్‌కతా దేశంలోకెల్లా సురక్షిత మహానగరం అన్నారు. 299.2తో హైదరాబాద్ మూడోది. ఈ లక్షలు ఏనాటి లక్షలు? 2011 జనగణన నాటివి. ఆ తర్వాత కొత్త టవర్లు నింపినవాళ్లూ, అమీర్‌పేట హాస్టళ్లలో చేరినవాళ్లూ చైన్ పోగొట్టుకుంటే పై అంకెలో చేరతారు. కింది జనాభాలో మాత్రం ఇంకా పుట్టనట్టే లెక్క. ఈ భాగహారానికి బడిలో అయితే గుండు సున్నా వేసేవారు. ఇక్కడ ఫొటోతో మొదటి పేజీ వేస్తున్నారు.

ఇక స్టేషన్ గుమ్మం దగ్గరికి రండి, అసలు గణితం అక్కడే. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. గుమ్మంలో వినపడేది వేరు. "కొట్టేశారని ఎందుకమ్మా, పోయిందని రాసివ్వు. పని తొందరగా అవుతుంది." దొంగతనం అక్కడికక్కడే మతిమరుపైపోతుంది. తీరా కేసు కట్టినా, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే ఎన్‌సీఆర్‌బీ లెక్కలోకి వెళ్లేది వాటిలో ఘోరమైనది ఒక్కటే. ఇంట్లో జొరబడి, దోచుకుని, చంపి పోతే పట్టికలో ఒక హత్య. మిగతావి మర్యాదగా పక్కకు తప్పుకుంటాయి.

ముఠాల సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. చట్టం ప్రకారం నలుగురు కలిసి దోచుకుంటే దోపిడీ. ఐదోవాడు తోడైతేనే అది డెకాయిటీ. కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో ఆ ఐదోవాణ్ని మర్చిపోగలిగితే జిల్లాలో డెకాయిటీలు సున్నా. అదే చెయ్యి ప్రెస్‌మీట్‌కు వచ్చేసరికి ధారాళమవుతుంది. రెండు బైకులెత్తిన ముగ్గురు కుర్రాళ్లకు ముసుగులేసి నిలబెడితే 'ఘరానా ముఠా గుట్టురట్టు'. అందులో ఒకడి ఆధార్ బీదర్‌దైతే 'అంతర్రాష్ట్ర ముఠా'. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ ఈ పని మరీ సులువు చేసింది. గుంపులో ఉండి బ్లాకులో టికెట్లమ్మినా అది చిల్లర వ్యవస్థీకృత నేరమట! ఒకప్పుడు సంధ్య థియేటర్ ముందు "బాల్కనీ, బాల్కనీ" అని గొణిగినవాళ్లంతా మాఫియా అని మనకు తెలియకపోయె.

రౌడీషీట్ల అంకెలూ ఇంతే. వార్తలో 'నగరంలో ఇన్ని వందల మంది రౌడీలు' అని చదివి మనం తలుపుకు రెండో గడియ వేసుకుంటాం. ఆ షీటు తెరిచేది కోర్టు కాదు, పోలీసులు తమకు తాము రాసిపెట్టుకున్న స్టాండింగ్ ఆర్డర్. చట్టం అండ లేకుండా ఈ పద్ధతి చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి 2022 జూలైలో తీర్పిచ్చారు కూడా. పేరు చేర్చడానికి ఒక్క సంతకం చాలు. తీయించుకోవాలంటే చెప్పులరగాలి. అందుకే ఆ సంఖ్య పెరిగినంత చురుగ్గా తరగదు. చేతులు వణికే వయసొచ్చినా కొందరు కాగితం మీద రౌడీలే.

మనమే ఇలా అనుకుని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అమెరికాలో కాలిఫోర్నియా పోలీసులు రాసిపెట్టుకున్న ముఠా సభ్యుల జాబితాను 2016లో ఆ రాష్ట్ర ఆడిటర్ తనిఖీ చేస్తే, చేర్చే నాటికి ఏడాది నిండని శిశువులు 42 మంది అందులో ఉన్నట్టు తేలింది. వారిలో 28 మంది తాము ముఠా సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసి ఉంది! మాటలు రాని వయసులో నేరాంగీకారం. థర్డ్ డిగ్రీకి పేరుమోసిన మన స్టేషన్లు కూడా ఇంత దూరం వెళ్లినట్టు దాఖలా లేదు.

పోలీసులు తమ మార్కులు తామే వేసుకోవడంలో వింతేమీ లేదు, ఎవరైనా వేసుకుంటారు. వాటిని నోరెత్తకుండా అచ్చువేసే పత్రికల మీదే నా ఫిర్యాదు. ఇలాగని మండల విలేకరిని తిట్టడం అన్యాయం. అతనికి జీతం అంతంతమాత్రం, వార్త పుట్టేది స్టేషన్లో, రేపు మళ్లీ వెళ్లాల్సిందీ ఆ స్టేషన్‌కే. కానీ హైదరాబాద్ ఏసీ గదుల్లో కూర్చుని శీర్షికలు పెట్టే డెస్కుకు ఏం రోగం? నిరుడు ఇదే బల్ల ముందు ముసుగులేసి నిలబెట్టిన ముఠాల్లో ఎన్నింటికి కోర్టులో శిక్ష పడింది? ఎన్ని కేసుల్లో చార్జిషీటైనా వేశారు? 'పోయింది' అని రాయించుకున్న ఫోన్లెన్ని? ఈసారి ప్రెస్‌మీట్లో సమోసా పంచాక, ఫొటోలు తీశాక, ఎవరైనా లేచి ఈ మూడూ అడిగి చూడండి. సమాధానం వస్తుందో రాదో గానీ, పార్కింగ్‌లో బండి తీసేలోపు కమిషనరేట్ మీడియా వాట్సాప్ గ్రూపులోంచి మీ నంబరు ఎగిరిపోతుంది.