పెద్దసారొస్తున్నారు, సద్దు చెయ్యకండి!

జిల్లా పరిషత్ హైస్కూలు ఎంత గొప్పదో తెలుసుకోవాలంటే లోపలికి వెళ్ళక్కర్లేదు. గేటు బయట నిలబడి చెవి ఒగ్గితే చాలు. చప్పుడు లేదంటే హెడ్మాస్టరు గారు సమర్థులు. పిల్లల గొంతు వినిపించిందా, ఆయనకు చేతకాదు. ఊరి పెద్దమనుషుల నుంచి తనిఖీకొచ్చే అధికారి దాకా అందరి కొలబద్దా ఇదే. ఈ లెక్కన మన బళ్ళన్నీ వేసవి సెలవుల్లో అద్భుతంగా నడుస్తున్నాయి.

అంతటి సమర్థుణ్ణి ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. ప్రార్థన గంట కొట్టకముందే హాజరుపట్టీ ఆయన బల్లమీదకు చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనే ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చినా, ఎర్రపెన్ను మీద ఆయనకు నమ్మకం పోలేదు. బస్సు ఆలస్యమై లెక్కల మాస్టారు చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి పేరుకెదురుగా ఎర్రసున్నా చుట్టేసి ఉంటుంది. పైగా అటెండరు ముందే పలకరింపు: “ఏం మాస్టారూ, ఇది బడి అనుకున్నారా, అత్తారిల్లు అనుకున్నారా?” ఆ మాస్టారు తొమ్మిదో తరగతిలో బహుపదులు మొదలుపెట్టే ముందు అదే మాటను హోంవర్కు చేయని కుర్రాడికి అప్పజెబుతాడు. ఆ కుర్రాడు ఇంటర్వెల్లో ఆరో తరగతి బుడ్డోడికి అందిస్తాడు. అధికార వికేంద్రీకరణ కోసం కమిటీలు వేసిన వాళ్ళు ఒక్కసారి వచ్చి చూడాల్సింది.

ఇలాంటి పెత్తనం మీద 1939లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. అమెరికాలోని అయోవాలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం పదేళ్ళ పిల్లల్ని జట్లుగా చేసి, మాస్కులు తయారుచేసే పనిచ్చి, తలో తరహా పెద్దను పెట్టి చూసింది. హుకుం మీద నడిచిన జట్టు, పెద్ద గదిలో ఉన్నంతసేపే పనిచేసింది. ఆయన అటు వెళ్ళగానే పని మూలపడింది. అందరూ కలిసి నిర్ణయించుకున్న జట్టులో మాత్రం పెద్ద లేకపోయినా పని ఆగలేదు. దీనికోసం అంత శ్రమెందుకు పడ్డారో! మండల కేంద్రంలో మీటింగున్న రోజున మన హైస్కూలుకు వస్తే సరిపోయేది. పెద్దసారు బండి గేటు దాటడమే ఆలస్యం, స్టాఫ్ రూముకు పకోడీలు వస్తాయి, మూడు సెక్షన్లు పీఈటీ మాస్టారి పాలవుతాయి, సైన్సు పీరియడు ‘సెల్ఫ్ స్టడీ’ అవుతుంది. నిన్నటిదాకా ఆ బడిని నడిపింది క్రమశిక్షణ కాదు, ఆయన మోటారు సైకిలు.

ఇదే వ్యాధికి ఇంకో లక్షణం ఉంది, దాన్ని ప్రజాస్వామ్యం అని పిలుస్తున్నారు. ఆ లక్షణమున్న హెడ్మాస్టరు గారు దేవుడిలాంటి మనిషి. ఎవరేం అడిగినా “మీకెలా తోస్తే అలా కానివ్వండి” అంటారు. రిటైర్మెంటు దగ్గరపడింది, ఎవరితోనూ మాట పడటం ఇష్టం లేదు. అక్కడ పని చేసేవాళ్ళిద్దరు బడిని మోస్తారు, మిగతావాళ్ళు చీటీ పాడుకుంటారు.

ఈయన్నీ ఆయన్నీ తయారుచేసింది ఎవరు? సీనియారిటీ జాబితా. దానికి తోడు డిపార్టుమెంటల్ టెస్టులు. అంటే ఏ బిల్లు ఏ ఫారం మీద ట్రెజరీకి వెళ్ళాలో తెలిస్తే బడి అప్పగిస్తారు. తోటి టీచరు పాఠాన్ని ఒక పీరియడంతా కూర్చుని చూడగలరా అని మాత్రం ఎవరూ అడగరు. కుర్చీ ఎక్కాక ఫోను మోగుతుంది: కోడిగుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని, గూగుల్ షీటు సాయంత్రం నాలుగింటిలోపు. గ్రూపులో “నోటెడ్ సార్” అని వేలు ఎత్తేలోపు మరోటి. కొన్నేళ్ళపాటు ఆంధ్రలో టీచర్ల చేత మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీయించారు. విద్యాహక్కు చట్టం, 2009, 27వ సెక్షను ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు బోధనేతర పనులు చెప్పకూడదు. బహుశా ఆ ఫొటోల్ని విపత్తు కింద లెక్కేసి ఉంటారు.

మరి ఎలాంటి పెద్ద కావాలి? 2008లో విద్యా పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని పోగేసి చూసింది. స్ఫూర్తినిచ్చే ఉపన్యాసాల తరహా నాయకత్వం కంటే, బోధన మీదే దృష్టి పెట్టిన నాయకత్వం పిల్లల చదువుకు మూడు నాలుగు రెట్లు ఎక్కువ పనికొచ్చిందని తేలింది. అందులోనూ టీచర్లతో కూర్చుని తనూ నేర్చుకునే పెద్ద ఉన్నచోట ఫలితం అన్నిటికంటే ఎక్కువ. మన దగ్గర హెడ్మాస్టరు వెనక బెంచీ మీద కూర్చున్నాడంటే తెలుగు టీచరమ్మకు చేతిలో సుద్దముక్క జారిపోతుంది. మెమో వస్తుందని ఆమె భయం. ఆ భయానికి ఆధారాలు లేకపోలేదు.

ఎర్రపెన్ను సారుకు సెప్టెంబరు 5న శాలువా కప్పుతారు, అందులో అన్యాయమేమీ లేదు. ఆయన హయాంలో లైబ్రరీ బీరువాలో పుస్తకాలు వచ్చిన కట్టల్లోనే, పురికొస విప్పకుండా, కొత్త వాసనతో ఉన్నాయి. రిజిస్టరుకూ బీరువాకూ ఒక్క పుస్తకం తేడా రాలేదు. ఖర్మకాలి ఆయన స్థానంలోకి వచ్చిన మేడమ్ ఆ బీరువా తెరిచి తాళం ఎనిమిదో తరగతి పిల్లల చేతికిచ్చింది. పుస్తకాలు ఇళ్ళకు వెళ్ళాయి, కొన్ని అట్టలు ఊడాయి, కొన్ని తిరిగి రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో పిల్లలు కథలు పైకి చదువుకుంటుంటే గేటు దాకా గోల. ఏడాది చివర ఆడిట్ ఆయన వచ్చాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు, పోయిన పుస్తకాల ఖరీదు మేడమ్ జీతంలోంచి రికవరీ రాశాడు. రాస్తూ తలెత్తకుండానే అడిగాడు:

“అయినా పుస్తకాలు పిల్లలకు ఎవరిమ్మన్నారు మేడమ్ మిమ్మల్ని?”