సమాచార రక్షకులకు సన్మాన పత్రం

ఏటా ఆగస్టు 15న కడపలో కలెక్టరు చేతుల మీదుగా ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు అందుతాయి. ఒళ్లు వంచి పనిచేసినవాళ్లకూ అందుతాయి, జాబితాలోకి తమ పేరు ఎట్లా ఎక్కిందో తమకే తెలియనివాళ్లకూ అందుతాయి. ఒక్క కోవ ఉద్యోగులకు మాత్రం ఏళ్ల తరబడి అన్యాయం జరుగుతోంది. అడిగినవాడి చేతికి కాగితం పోకుండా కాపాడే విద్యలో ఆరితేరినవాళ్లను పిలిచి, ఒక శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. అంత గట్టి చట్టాన్ని ఇరవై ఏండ్లు గుమ్మం బయటే నిలబెట్టడమంటే మాటలా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఆఫీసు మెట్లెక్కి దిగిన అర్జీదార్ల తరఫున ఆ లోటు ఇక్కడ తీరుస్తున్నాం. ఏ ఆఫీసు, ఏ సారు అని అడగొద్దు. అర్హులు ఎక్కువ, శాలువాలు తక్కువ.

అయ్యా, పౌర సమాచార అధికారి గారూ!

ముందుగా మీ గుమ్మం పక్కనున్న బోర్డును పొగడాలి. పౌర సమాచార అధికారి, సహాయ అధికారి, అప్పీలు అధికారి అని మూడు వరుసలు. వాటికెదురుగా ఉన్న పేర్లలో ఒకరు బదిలీ అయినారు, ఒకరు రిటైరైనారు, మూడో పేరు మీద సున్నం పడింది. పాత అధికారులను ఇంత భక్తిగా తలుచుకునే ఆఫీసు మరొకటి ఉండదు. ఎవరూ అడగకముందే 17 రకాల వివరాలు మీరే బయటపెట్టాలని సెక్షన్ 4 చెబుతోంది. ఎవరి జీతమెంత, బడ్జెట్ ఎంత, రాయితీ ఏ పేరుకు పోయింది, ఏ ఫైలు ఎవరి దగ్గరుంది, అన్నీ. చట్టం పుట్టిన 120 రోజుల్లోపు ఆ పని ముగించాలన్నారు. తొందరపడి తప్పు చేయడం మీకు నచ్చదు. మొదటి సంవత్సరం కట్టిన ఫైలునే ఇప్పటికీ భద్రంగా చూపిస్తున్నారు. అందులో మీ పాత టైపిస్టు జీతం ఇంకా పెరగలేదు.

ఇక మీ ప్రశ్న. గడప దాటగానే మీరు వేసే ఆ ఒక్క ప్రశ్నలోనే మీ పాండిత్యమంతా ఉంది.

"ఏం పెద్దాయనా, ఆ రోడ్డు లెక్కలు నీకేంటికి?"

"మా ఈదిలో ఏసినారు గదా సార్, సూద్దామని."

"రోడ్డు ఆడే ఉంది గదా! పోయి రోడ్డే సూసుకో, లెక్కలు సూస్తే ఏమొస్తాది?"

ఎంత లోతైన మాట! కనబడే రోడ్డుండగా కనబడని లెక్కలెందుకు? ఢిల్లీలో చట్టం రాసినవాళ్లకు ఈ జిజ్ఞాస లేకపోయింది. అర్జీదారు కారణం చెప్పనక్కరలేదని, జవాబు పంపడానికి చిరునామా ఇస్తే చాలని సెక్షన్ 6లో తేల్చేశారు. రాయడం రానివాడు వచ్చి నోటితో చెబితే మీరే దాన్ని కాగితం మీద పెట్టడంలో సాయపడాలని కూడా అందులోనే రాశారు. ఆ పనిని మీరు బయట జిరాక్స్ అంగడి పిల్లోనికి వదిలిపెట్టి, వాని కుటుంబానికి ఇంత తిండి పెడుతున్నారు. ఈ ఉపకారం ఏ రికార్డులోనూ ఎక్కలేదు.

ఫీజు విషయంలో మీ ఉదారత వేరు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు అర్జీ పెడితే ఒక్క పైసా కట్టక్కర్లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. అంటే జమ్మలమడుగు తహసీల్దారుకు 5, అదే ఊళ్లో ఆర్డీవోకు 10, ప్రొద్దుటూరు మున్సిపాలిటీకి 10. నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు, కోర్టు ఫీజు స్టాంపు అతికించినా చెల్లుతుంది. కానీ మీకు బ్యాంకుల బాగు కూడా పట్టింది. 'డీడీ తీసుకురాపో' అంటారు. పది రూపాయల డీడీకి అంతకు మించిన కమీషన్ కట్టి వచ్చినవాడికి అప్పుడు తెలుస్తుంది, సమాచారం ఎంత విలువైనదో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ బీరువాలో ఎం-బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. పేరు మెజర్‌మెంట్ బుక్కు. పేజీలకు నెంబర్లు వేసి ఉంటాయి కాబట్టి ఒక్కటి చింపినా తెలిసిపోతుంది. పని పేరు, పొడవు, వెడల్పు, మందం, మొత్తం పరిమాణం అని గళ్లు. కింద ఏఈ సంతకం, సరిచూసినట్టు డీఈ సంతకం. వీటి మీదనే కాంట్రాక్టరు బిల్లు కదులుతుంది. ఒక సిమెంటు రోడ్డుకు పొడవు 100 మీటర్లు, వెడల్పు 3, మందం 0.15 అని రాసుందనుకుందాం. హెచ్చవేస్తే 45 ఘనపు మీటర్లు. ఆ కాగితం చేతికొచ్చినవాడు స్కేలు తీసుకొని రోడ్డంచున కూర్చున్నాడంటే, మందం పది సెంటీమీటర్లేనని తేలితే, 15 ఘనపు మీటర్ల కాంక్రీటు భూమిలోకి ఇంకిపోయిందా, ఇంకెక్కడికైనా పోయిందా అనే అనవసరపు ఆలోచన వాని బుర్రలో పుడుతుంది. ఐదో తరగతి లెక్కతో ఊరి ప్రశాంతత చెడిపోతుంది. అందుకే మీరా పుస్తకాన్ని అంత గట్టిగా దాచారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో సేట్లు కూడా కాసుల పేర్లను గాజు బీరువాలో పెట్టి దారిన పోయేవాళ్లకు చూపిస్తారు. మీది ఇనుప బీరువా.

'మా వీధి రోడ్డు వివరాలు ఇవ్వగలరు' అని రాసినవాడికి మీరు 'రోడ్డు వేయబడినది' అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. అబద్ధం లేదు, అతిశయోక్తి లేదు. అదే ఇంకొకడు 'ఫలానా వార్డులో ఫలానా సంవత్సరం వేసిన సిమెంటు రోడ్డు ఎస్టిమేటు, ఒప్పంద పత్రం, ఎం-బుక్ పేజీలు, చెల్లించిన బిల్లు, నాణ్యతా పరీక్ష నివేదిక, వీటి ధ్రువీకరించిన నకళ్లు' అని రికార్డు పేరు పెట్టి అడిగేసరికి మీకు ఎన్నడూ లేని తలనొప్పి వచ్చింది. పాపం, ఆ పెద్దమనిషి అక్కడితో ఆగక, సెక్షన్ 2 ప్రకారం వాడిన సరుకు నమూనా కూడా తీసుకునే హక్కుందని గుర్తుచేశాడు. పని జరిగిన చోటుకు పోయి చూసే హక్కు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అట్లాంటివాళ్ల నుంచి దేవుడే మిమ్మల్ని కాపాడాలి.

దేవుడి దాకా ఎందుకు, సెక్షన్ 7(9) ఉండనే ఉంది. 'సమాచారం విస్తారముగా ఉన్నందున ఇచ్చుటకు వీలుపడదు' అని మీరు రాసే వాక్యం ఎంతో గంభీరంగా ఉంటుంది. అడిగిన రూపంలో ఇవ్వడం మరీ భారమైతే వేరే రూపంలో ఇవ్వమని మాత్రమే ఆ సెక్షన్ అంటుంది, ఎగ్గొట్టమని అనదు. ఆ సగాన్ని మీరు వినయంతో వదిలేశారు. అర్జీదారు కూడా తెలివైనవాడైతే 'నేనే వచ్చి ఫైలు చూసుకుంటా' అంటాడు. మొదటి గంట ఉచితం, ఆ తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు, కావాల్సిన పేజీ నకలుకు 2 రూపాయలు. ఇంత చవకగా దొరికే కాలక్షేపం మన ఊళ్లలో ఇంకొకటి లేదు.

మీ చెదపురుగుల సేవను మరువలేం. రికార్డులో పేరుకు బదులు చుక్కలుండే 'చుక్కల భూమి' చిక్కులో పడిన రైతు తన సర్వే నెంబరుకు ఆర్‌ఎస్ఆర్ అనే పాత భూమి రిజిస్టరు నకలు అడిగినప్పుడల్లా ఆ పేజీనే అవి తిన్నాయి. పక్క పేజీ ముట్టలేదు. ఎంత చదువుకున్న పురుగులో! ఫైలు దొరకలేదనడం చట్టంలో మినహాయింపు కాదని, విచారణ చేసి బాధ్యులెవరో తేల్చాలని 2013లో ఢిల్లీ హైకోర్టు అన్నది. చెదలకు మాత్రం ఇంగ్లీషు తీర్పులు అర్థం కావు.

మరో అర్జీదారు పులివెందుల వైపు చీనీ రైతు. నష్టపరిహారం ఎవరెవరికి వచ్చిందో జాబితా అడిగాడు. 'మాది కాదు, ఉద్యానశాఖది' అన్నారు. వాళ్లు మండలానికి పొమ్మన్నారు. మండలంలో 'వ్యక్తిగత సమాచారం' అన్నారు. మీ దగ్గర లేనిదైతే ఐదు రోజుల్లో మీరే సరైన ఆఫీసుకు పంపాలని సెక్షన్ 6(3) అంటున్నా, వయసు మళ్లిన మనిషికి నడక మంచిదని మీకు తెలుసు. ప్రజల సొమ్ముతో ఇచ్చిన రాయితీ ఎవరికి అందిందో అడగకుండానే ప్రకటించాలన్న సెక్షన్ 4కూ, వ్యక్తిగతమన్న మీ జవాబుకూ పొత్తు కుదరకపోతే అది చట్టం లోపం. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఈ 'వ్యక్తిగత' మినహాయింపును ఇంకాస్త వెడల్పు చేసి మీకు పండగ చేసింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. తెలిసిన అర్జీదారు ఆ అంకె వేసి మరీ రాస్తాడు, జాగ్రత్త.

మీరు ఇంత కష్టపడి కాపాడుతున్న సంప్రదాయం ఈ నేల మీద పుట్టింది కాదు సుమా. ఇదే కడప సీమలో, ఎర్రగుడిపాడు రాతి మీద, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు కాలంలో, ఏ భూమి ఎవరిచ్చారో, ఎవరెవరు సాక్షులో తెలుగులోనే చెక్కిపెట్టారు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం ఆ వంశానిదే. సుమారు 575 నాటిదని, దొరికిన తెలుగు శాసనాల్లో పాతదని పండితుల లెక్క. అర్జీ లేదు, ఫీజు లేదు, 'రేపు రాపో' లేదు. గుడికి వచ్చినవాడల్లా చదువుకోవచ్చు. దానం చెరిపినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని చివర్న హెచ్చరిక కూడా పెట్టేవాళ్లు. అంత అనాగరికపు రోజులు పోయి బీరువాల కాలం వచ్చినందుకు సంతోషించాలి.

రాళ్ల మీద మక్కువ మాత్రం మనకు పోలేదు. ఉక్కు కర్మాగారానికి జమ్మలమడుగు ప్రాంతంలో 2007లో బ్రాహ్మణి పేరుతో ఒక రాయి వేశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో ఒకటి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో ఒకటి, 2023 ఫిబ్రవరిలో అక్కడే ఇంకొకటి. వేసిన ముఖ్యమంత్రులు ముగ్గురు, పార్టీలు వేరు, రాయి ఒకటే. శంకుస్థాపనలో మన జిల్లా చూపించిన పట్టుదల ఉక్కు కంటే గట్టిది. రాయి మీద తేదీ, పేరు చదువుకోవచ్చు. భూమి ఎన్ని ఎకరాలు ఏ ఉత్తర్వుతో ఎవరికి అప్పగించారు, ఏ షరతు మీద, ఎంత ధరకు, పని మొదలుకాకపోతే వెనక్కి తీసుకునే నిబంధన ఉందా అనేవి మాత్రం చదవాలంటే రాళ్ల దగ్గరికి కాదు, ఫైళ్ల దగ్గరికి పోవాలి. అసెంబ్లీకి ఇవ్వకుండా ఆపలేని సమాచారాన్ని ఎవరికీ ఆపకూడదన్న వాక్యం ఒకప్పుడు చట్టంలో ఉండేది, ఆ డేటా రక్షణ చట్టమే దాన్నీ తీసేసింది. ఉక్కు గురించి అసెంబ్లీలో మాత్రం మాట్లాడుతూనే ఉంటారు!

వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం సంగతి కాస్త వేరు. వ్యర్థాల చెరువు పక్క ఊళ్ల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. నీళ్ల పరీక్ష ఫలితం అడగడానికి యురేనియం కార్పొరేషన్ కేంద్ర సంస్థ, రెండో అప్పీలు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు. అవే నీళ్లకు కాలుష్య నియంత్రణ మండలి నివేదిక కావాలంటే అది రాష్ట్రానిది, అప్పీలు మంగళగిరికి. బిందెడు నీళ్లకు రెండు రాజధానుల దారి చూపించే భాగ్యం మన రైతుకే దక్కింది. 'అణు విషయం, రహస్యం' అని ఎవరైనా గుసగుసలాడితే, 1923 నాటి అధికార రహస్యాల చట్టం కన్నా సమాచార హక్కు చట్టానిదే పైచేయి అని సెక్షన్ 22 చెబుతుందని అంతే మెల్లగా చెప్పొచ్చు.

ఇంకొక్క గుణం చెప్పకపోతే ఈ పత్రం అసంపూర్ణం. మీ ఆఫీసు నుంచి ఏ కాగితమూ బయటికి పోదు, మా అర్జీ తప్ప. పొద్దున ఇన్‌వార్డులో ఇచ్చి వస్తే సాయంత్రానికి కాంట్రాక్టరు ఫోను: 'అన్నా, మనలో మనకు ఇవన్నీ ఏంటికి?' ముప్పై రోజుల పనిని మీరు ఒక్క పూటలో చేయగలరని అప్పుడు తెలిసింది. మీ వేగానికి జోహార్లు.

శాలువా కప్పడం అయింది. ఇక చదివేవాళ్లతో నాలుగు మాటలు. అర్జీ ఇచ్చిన రోజే ముద్ర వేసిన రసీదు తీసుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి. అక్కడి నుంచి 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలే. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చింది బాగాలేకపోయినా, 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టండి. చాలాసార్లు ఆయన పక్క గదిలోనే ఉంటాడు, మన అధికారి రాసిచ్చిన చిత్తు మీదనే సంతకం చేస్తాడు. అయినా పెట్టండి, ఆ మెట్టు ఎక్కకుండా పై మెట్టుకు దారి లేదు. ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అందులో సెక్షన్ 20 కింద జరిమానా కోరుతున్నానని ఒక వాక్యం తప్పక రాయండి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన ప్రతి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000. ఆ డబ్బు కట్టాల్సింది ఆఫీసు కాదు, ఆ అధికారి.